తెడ్డు లేని తొమ్మిదో మనిషి

కేంబ్రిడ్జిలో చేరిన మొదటి వారంలోనే కాలేజీ బోట్ క్లబ్బు వాళ్లు కొత్తవాళ్లను కళ్లతోనే కొలిచేస్తారు. ఆరడుగుల వాళ్లకు తెడ్డు. నాలాంటి బక్కప్రాణి కనబడితే మాత్రం వాళ్ల ముఖాలు విప్పారతాయి. "గట్టిగా అరవగలవా?" అని అడిగారు. మాది తెనాలి దగ్గర ఉమ్మడి కుటుంబం. అరవకపోతే మా ఇంట్లో రెండోసారి కూర కూడా వడ్డించరు.

అలా కాక్స్‌నయ్యాను. తెడ్లు వేసే ఎనిమిది మందీ వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. ముందేముందో చూసేది నేనొక్కదాన్నే. తలకు మైకు, చేతుల్లో చుక్కాని తాళ్లు. ఆ చుక్కాని దాదాపు ఏటీఎం కార్డంత ఉంటుంది. దాంతో సుమారు 17 మీటర్ల పడవను వంపులు తిప్పాలి.

అమ్మకు ఫోన్లో చెప్పాను.

"పడవ ఎవరు నడుపుతారే?"

"వాళ్లెనిమిది మంది."

"మరి నువ్వు?"

"వాళ్ల మీద అరుస్తుంటా."

"ఆ మాత్రం దానికి అంత దూరం పోవాలా? ఇక్కడా అదేగా చేసేదానివి!"

అంతర్జాతీయ పోటీల్లో కాక్స్ కనీసం 55 కిలోలుండాలి, తగ్గితే ఆ మేరకు బరువు పక్కన పెట్టుకోవాలి అని కూడా చెప్పాను. "ఇసుక మూట మోసే బదులు ఇంకో రెండు ముద్దలు తినొచ్చుగా" అంది. రూల్సు రాసినవాళ్లకు తట్టలేదు పాపం.

అసలు సంగతి బంప్స్ పందెం. కామ్ నది ఇరుకు, పడవలు పక్కపక్కన పోటీపడే చోటు లేదు. అందుకని ఒకటిన్నర పడవ ఎడంలో వరసగా నిలబెట్టి, ముందున్నదాన్ని వెళ్లి గుద్దమంటారు. హైదరాబాద్‌లో స్కూటీ నడిపినదానికి ఇందులో కొత్తేముంది? ఒడ్డుకు కట్టిన గొలుసు కొస కాక్స్ పట్టుకోవాలి. నాలుగు నిమిషాల ముందొక ఫిరంగి, నిమిషం ముందొకటి, మూడోది పేలగానే వదిలేయాలి. చలికాలపు లెంట్ టర్మ్‌లో ఆ ఇనుము వేళ్లను కొరికేస్తుంది. పందెం మొదలయ్యాక వాళ్లు చెమటలు కక్కుతారు, నేను కదలకుండా గడ్డకడతాను. ఎదురుగా మోకాళ్లు తగిలేంత దగ్గర్లో కూర్చున్న అబ్బాయి నోటి ఆవిరి ముఖానికి తగిలితే అదే నాకు వెచ్చదనం. వెనక పడవ మమ్మల్ని గుద్దిందా, చెయ్యెత్తి ఒప్పుకోవాల్సింది కాక్సే. తెడ్లు వేసింది వాళ్లు, చెయ్యెత్తేది నేను!

ఈ వృత్తిలో కీర్తి అంటారా? 1900 పారిస్ ఒలింపిక్స్‌లో ఇద్దరు డచ్చివాళ్లు తమ కాక్స్ బరువెక్కువని దించేసి, దొరికిన ఓ ఫ్రెంచి కుర్రాణ్ణి కూర్చోబెట్టుకుని గెలిచారు. కుర్రాడి ఫొటో ఉంది, పేరే ఇప్పటికీ తేలలేదు. 1992 తర్వాత ఒలింపిక్స్‌లో కాక్స్‌కు ఎనిమిది మంది పడవ ఒక్కటే మిగిలింది. అయినా హెన్రీ ఫీల్డ్‌మన్ అనే బ్రిటన్ కాక్స్ టోక్యోలో మగవాళ్ల పడవలోనూ, 2024లో పారిస్‌లో ఆడవాళ్ల పడవలోనూ కూర్చుని రెండు కంచు పతకాలు తెచ్చుకున్నాడు. అరుపుకు ఆడా మగా ఏముంది!

మీ ఇంట్లో పిడికెడు మనిషై వీధి చివరిదాకా వినబడే పిల్ల ఉంటే, దయచేసి నోరు మూయమనకండి. ఈత మాత్రం నేర్పించండి. గెలిచిన పడవవాళ్లు ఒడ్డెక్కగానే కాక్స్‌ను ఎత్తి నీళ్లలో పడేస్తారు.