సంచీ బాబాయి

పెళ్ళింట్లో ఎవరైనా "అబ్బా!" అని అరిస్తే అందరూ గాభరా పడతారు. మా బాబాయి మొహం మాత్రం వెలుగుతుంది.

"ఎవరికి? ఎక్కడ? రక్తం వచ్చిందా?"

ఆ చివరి ప్రశ్నలో ఆదుర్దా ఎంతుందో ఆశా అంతే ఉంటుంది. రాలేదని చెబితే ఒక్క క్షణం చిన్నబుచ్చుకుని, "పోనీ, వాపేమైనా..." అని బేరానికి దిగుతాడు.

ఇలాంటాయన మీ వైపూ ఒకరుండే ఉంటారు. బాబాయి కాకపోతే మేనమామ, మేనమామ కాకపోతే పై వాటాలో ఉండే రిటైర్డ్ మాస్టారు. గుర్తుపట్టడం ఏమంత కష్టం కాదు. యాత్ర బస్సులో అందరి సామాన్లూ డిక్కీలో పడి దొర్లుతుంటే, ఈయన ఒళ్ళో మాత్రం ఓ జిప్పు సంచీ పసిబిడ్డలా కూర్చుని ఉంటుంది. అదేమిటని మీరు అడగరు. అయినా చెబుతాడు, "ఫస్ట్ ఎయిడ్" అని. అలాగని ఆయన డాక్టరూ కాదు, కాంపౌండరూ కాదు. దెబ్బల మీద ఆయనకి ప్రత్యేకమైన మమకారమేమీ లేదు. మమకారమంతా సంచీ మీదే. దెబ్బ అనేది ఆ సంచీ తెరవడానికి దొరికే ముహూర్తం, అంతే.

బాబాయికి ఈ పిచ్చి ఉద్యోగంలో పట్టింది. కరెంటాఫీసు. సబ్‌స్టేషన్ గోడమీద, షాకు తగిలినవాడికి ఊపిరి ఎలా ఆడించాలో బొమ్మలతో చూపించే చార్టు ఉండేది. ముప్ఫయ్యేళ్ళు దానికి ఎదురుగా కూర్చునే ఆయన క్యారేజీ విప్పుకుని భోంచేశాడు. చార్టు కింద ప్రథమ చికిత్స పెట్టె, పెట్టెకి తాళం. ఒకరోజు రేకు గీసుకుని బాబాయి అరచెయ్యి తెగింది. తాళంచెవి స్టోర్‌కీపరు దగ్గరుంది. స్టోర్‌కీపరు మరదలి పెళ్ళికి వెళ్ళాడు. తాళం బద్దలుకొట్టి చూస్తే లోపల ఎండిపోయిన టింక్చరు సీసా, సగం కొవ్వొత్తి, స్టాకు రిజిస్టరు ఉన్నాయి. దూది ఉండాల్సిన చోట బొద్దింకలు కాపరం పెట్టాయి. రిజిస్టరులో మాత్రం దూది ఉంది, రెండు కట్టలు. తాళం పగలగొట్టినందుకు బాబాయికి మెమో ఇచ్చారు. అరచెయ్యి వారంలో మానింది, మెమో మానలేదు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు, నా పెట్టె నా దగ్గరే ఉండాలని.

ఇక సంచీ వేట మొదలైంది. "చిన్నదిగా ఉండాలిరా, చంకలో ఇమిడిపోవాలి" అనేది ఆయన సిద్ధాంతం. బంగారం కొట్టువాళ్ళిచ్చిన పర్సుతో మొదలెట్టాడు. అందులో దూది పెడితే కత్తెర పట్టలేదు, కత్తెర పెడితే దూది పట్టలేదు. తర్వాత బీమా ఏజెంటు ఇచ్చిన రెక్సిన్ సంచీ, ఆ తర్వాత షేవింగు సామాను పౌచి, ఆ తర్వాత మనవడి పాత లంచ్ బ్యాగు. ప్రతిదీ చిన్నదే, ప్రతిదీ నెల తిరిగేసరికి చాలేది కాదు. ఎందుకంటే బాబాయికి చేర్చడమే తెలుసు, తీసెయ్యడం తెలీదు. ఎవరో తేలు కుట్టిన కథ చెబితే ఒకటి చేరుతుంది, పేపర్లో కుక్కకాటు వార్త వస్తే ఇంకొకటి. పాముకాటుకని పాతకాలపు పద్ధతిలో బ్లేడూ నైలాను తాడూ కూడా పెట్టాడు. కాటు దగ్గర కొయ్యకూడదు, తాడు బిగించి కట్టకూడదు, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి విరుగుడు ఇంజెక్షనుండే ఆసుపత్రికి పరిగెత్తించాలి అని చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. చివరికి బ్లేడు తీశాడు గానీ తాడు మాత్రం ఉంచేశాడు. "బట్టలారేసుకోవడానికైనా పనికొస్తుంది."

సంచీ మీద మొదట పిన్ని నెయిల్ పాలిష్‌తో ఎర్రగా ప్లస్సు గుర్తు వేశాడు. నేనే నోరు జారాను. తెల్ల మీద ఎర్ర క్రాసు రెడ్‌క్రాస్ వాళ్ళకీ సైన్యం వైద్యులకీ చెందిన గుర్తనీ, 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం మన దేశంలో ఎవరు పడితే వాళ్ళు వాడకూడదనీ, ప్రథమ చికిత్సకి ఆకుపచ్చ మీద తెల్ల క్రాసు వేస్తారనీ చెప్పేశాను. మెమో తిన్న మనిషి కదా, చట్టమంటే హడలు. గేటుకి వెయ్యగా మిగిలిన ఆకుపచ్చ పెయింటు రాత్రికి రాత్రే పూసేశాడు. మూడు రోజులు ఆరలేదు. ఆరాక చూస్తే జిప్పు రాలేదు. ఆ సంచీ ఈనాటికీ అటక మీద తెరుచుకోకుండా ఉంది. లోపల ఏమున్నాయో దాని జాబితా మాత్రం బీరువాలో భద్రంగా ఉంది.

ఇప్పటి సంచీలో నాలుగు జిప్పు కవర్లుంటాయి. గాయాలు, మంటలు, కడుపు, ఇతరములు. లోపలి పొట్లాలకి మొదటి అక్షరం, పక్కన నంబరు. గవర్నమెంటు ఫైళ్ళు మోసిన చెయ్యి కాబట్టి "ఇతరములు" తప్పదు. ఏ లెక్కలోనైనా అదే పెద్దది కాబట్టి ఇక్కడా అదే పెద్దది. అందులో సూదీ దారం, నెయిల్ కట్టరు, రబ్బరు బ్యాండ్లు, ఈల, అగ్గిపెట్టె, కాయిన్ బాక్సు ఫోన్లో వెయ్యడానికని ఎప్పుడో దాచిన ఐదు రూపాయి బిళ్ళలు ఉంటాయి. నిజం చెప్పాలంటే జనం ఆయన్ని ఇంతకాలం అడిగినవన్నీ ఆ కవర్లోవే. యాత్రల్లో నెయిల్ కట్టరుకున్న గిరాకీ గాజుబట్టకి ఎప్పుడూ లేదు. ఆ కట్టరు ఇచ్చేటప్పుడల్లా ఆయన మొహం చూడాలి. సంగీత విద్వాంసుణ్ణి పిలిచి మైకు సరిచెయ్యమన్నట్టుంటుంది.

మాత్రల షీట్లు ఎక్కువ చోటు తీసుకుంటున్నాయని వాటిని కత్తిరిస్తాడు. జ్వరం మాత్రలు పదిహేనుంటే నాలుగు చాలని కోస్తాడు. పొందికైన ఆలోచనే. కాకపోతే పేరూ గడువు తేదీ ఉన్న ముక్క ఎటు పోతుందో చూసుకోడు. ఒకసారి నాకు జ్వరమొస్తే చేతిలో పెట్టిన ముక్క మీద "ల్ 650" అని మాత్రమే ఉంది. ముందరి అక్షరాలు ఇంట్లో ఉండిపోయాయి. "డోలోయే లేరా, నాకు గుర్తే" అన్నాడు. గుర్తుంది సరే, ఆయనకి నా పేరే మూడో ప్రయత్నంలో గానీ రాదు.

పిన్ని వైద్యవిధానం వేరు. ఆమె మందులపెట్టె మొత్తం కొంగు ముడిలో పడుతుంది. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనమే, చిన్న డబ్బా. లోకంలో రోగాలు రెండు రకాలని పిన్ని నమ్మకం, అమృతాంజనంతో పోయేవీ, డాక్టరు దగ్గరికి పోయేవీ. మధ్యలో సంచీకి చోటులేదు.

బాబాయి ప్లాస్టరు అంటించినప్పుడల్లా ఒక కథ చెబుతాడు. 1920లో అమెరికాలో ఎర్ల్ డిక్సన్ అనే ఉద్యోగి భార్యకి వంటింట్లో మాటిమాటికీ వేళ్ళు తెగేవి, కాలేవి. ఆమె ఒక్కతే కట్టు కట్టుకోవడం కష్టమని ఆయన టేపు మీద ముందుగానే గుడ్డముక్కలు అతికించి పెట్టాడట. అదే బ్యాండ్-ఎయిడ్ అయింది. పిన్ని ఈ కథ వందోసారి విని అంది: "పెళ్ళాం వేళ్ళు తెగుతున్నాయని ఆయన పట్టీ కనిపెట్టాడు. మీరంత శ్రమ పడొద్దు, కూరగాయలు తరిగిపెట్టండి చాలు."

సంచీ అక్కరకొచ్చిన సందర్భాలు లేవని కాదు. చీరాల దాటాక రైల్లో ఓ పిల్లాడికి వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు తీశాడు. వాళ్ళమ్మ గ్లాసు పట్టుకొచ్చింది. బాబాయి గ్లాసుని శత్రువులా చూశాడు. ఈ ప్యాకెట్టు లీటరుకి కొలిచింది, లీటరులోనే కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం పోసుకుంటే ఉప్పు లెక్క తప్పుతుంది అన్నాడు. నిజమే. కానీ వాళ్ళ సీసా పావువంతు ఖాళీ అయింది. కాబట్టి ఒంగోలులో దిగి, నిండు లీటరు సీసా కొని, కదులుతున్న రైలుని పరిగెత్తి పట్టుకున్నాడు. పిల్లాడు గుక్క గుక్కగా తాగుతుంటే, 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరాతో మనుషులు రాలిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పూ చక్కెరా నీళ్ళతోనే ఎందరినో ఎలా నిలబెట్టాడో గూడూరు దాకా చెప్పాడు. పిల్లాడు తేరుకున్నాడు. పై బెర్తువాళ్ళు నిద్రపోయినట్టు నటించారు.

రెండోది మా చెల్లెలి పెళ్ళిలో. గాడిపొయ్యి దగ్గర గారెలు వేస్తున్న కుర్రాడి చేతిమీద నూనె చిందింది. ఒకామె టూత్‌పేస్టు తెచ్చింది, ఒకామె కాఫీపొడి, ఒకాయన జేబులోంచి ఇంకు పెన్ను తీశాడు. బాబాయి గద్దించాడు: "ఎవరూ ముట్టుకోవద్దు! నా దగ్గర ఆయింటుమెంటుంది. అందాకా చెయ్యి కుళాయి కింద పెట్టు." వెతికాడు. మంటలు కవర్లో లేదు, గాయాల్లో లేదు, ఇతరముల్లో ఈల దొరికింది. అన్నీ చాప మీద పరిచాడు, మళ్ళీ సర్దాడు, మళ్ళీ పరిచాడు. ఇరవై నిమిషాలు. కాలిన చోటు చల్లటి కుళాయి నీళ్ళ ధార కింద ఇరవై నిమిషాలు ఉంచాలని డాక్టర్లు చెప్పేదీ అంతే. కుర్రాడి చెయ్యి పొక్కలేదు. ఆయింటుమెంటు దొరికేసరికి వాడు మళ్ళీ గారెల దగ్గరున్నాడు. ఆ చికిత్సలో తన పాత్ర ఎంత గొప్పదో బాబాయికి ఈరోజుకీ తెలియదు.

పోయిన వేసవిలో అందరం అలిపిరి మెట్ల దారిన తిరుమల బయల్దేరాం. సామాను దేవస్థానం వాళ్ళు ఊరికే పైకి చేరుస్తారు కాబట్టి అన్నీ అప్పగించేశాం. సంచీ మాత్రం భుజం దిగలేదు. మొత్తం 3550 మెట్లు. గాలిగోపురం దాకా బాబాయి మా వెనకాలే నడుస్తూ ఒక్కొక్కళ్ళ పాదాలూ పరీక్షించాడు. "కాలు లాగుతోందా? బొబ్బ లేచిందా?" ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ గోవింద నామం చెప్పుకుంటూ లేడిపిల్లల్లా ఎక్కుతున్నారు. జింకల పార్కు దాటాక ఓ ముసలావిడ కుంటుతూ కనిపించింది. బాబాయి ఆశగా అటే చూస్తూ నడిచాడు. ముందున్న మెట్టు చూసుకోలేదు.

ఎదురుదెబ్బ. బొటనవేలి గోరు సగం లేచింది. రక్తం బొటబొటా కారింది.

అప్పుడు తెలిసింది, మా బాబాయి రక్తం చూడలేడు. అంటే, సొంత రక్తం. కళ్ళు మూసుకుని గోడకి జారబడి, "గా-3లో చూడండ్రా" అన్నాడు నీరసంగా.

గా-3 తీశాను. లోపల గ్యాసు మాత్రలు. గా అంటే గాయాలనుకున్నాను, అసలది గ్యా. బెటాడిన్ సీసా కారి, య వత్తు చెరిగిపోయింది. ఆ సీసా దూదినంతా గోధుమరంగు చేసి, జాబితా కాగితాన్ని అట్ట కట్టించి, తాను మాత్రం ఖాళీగా ఉంది. ప్లాస్టర్లున్నాయి గానీ ఎన్ని ఎండాకాలాలు చూశాయో, వేలికి అంటవు, అంటినా నిలవవు. కత్తెరలు నాలుగు. నాలుగూ ఎందుకని అడుగుదామనుకున్నా, రోగి పరిస్థితి చూసి ఊరుకున్నాను. కుంటుతూ వచ్చిన ముసలావిడే తన సీసాలో నీళ్ళు వేలిమీద ధారగా పోసి కడిగింది. అడుగున విప్పని గాజుబట్ట ప్యాకెట్టొకటి, బ్యాండేజీ చుట్టొకటి దొరికాయి. గాజుబట్ట పెట్టి గట్టిగా నొక్కి చుట్టాను. కొస నిలబెట్టడానికి పిన్నీసు కావాలి. బాబాయి పిన్నీసుల డబ్బా తెరిస్తే పన్నెండూ తుప్పుపట్టి ఒక్క ముద్దగా ఉన్నాయి.

పిన్ని పుస్తెలతాడు బయటికి లాగింది. దానికి రెండు పిన్నీసులు వేలాడుతున్నాయి, తళతళా. ఒకటి తీసి కట్టుకి గుచ్చింది. రెండోది ఆ ఉదయమే చీర కుచ్చిళ్ళకి మా ఆవిడ బుక్ చేసుకుంది.

మోకాళ్ళ పర్వతం మీద బాబాయి నడక చూసి తీరాలి. కుంటడంలో కూడా ఓ హుందాతనం. దారి పొడుగునా అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాడు, సమయానికి సంచీ ఉండబట్టి సరిపోయిందని. రాత్రి గదిలో, సంచీకని తను పెట్టుకున్న రిజిస్టరు తీశాడు. తేదీ, స్థలం. క్షతగాత్రుడు: స్వయం. వాడిన సరుకు: గాజుబట్ట 1, బ్యాండేజీ 1, పిన్నీసు 1.

"పిన్నీసు మీ సంచీలోది కాదు" అంది పిన్ని మంచం మీంచి, కళ్ళు తెరవకుండానే.

కొట్టేసి, పక్కన "అప్పు" అని రాశాడు.

మర్నాడు క్యూ కాంప్లెక్సులో మా ముందు చంటిపిల్లతో ఓ అమ్మాయి ఉంది. పిల్ల గౌను వెనకాల హుక్కు ఊడిపోయి భుజం మీంచి జారిపోతోంది. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి, ఒళ్ళో సంచీ పెట్టుకున్న పెద్దాయన్ని కనిపెట్టింది.

"బాబాయిగారూ, మీ దగ్గర పిన్నీసుంటుందా అండీ?"

బాబాయి జిప్పు లాగబోయి ఆగాడు. పిన్ని వైపు చూశాడు. పిన్ని గోడమీది బోర్డు శ్రద్ధగా చదువుతోంది. తర్వాత తన బొటనవేలి వైపు చూసుకున్నాడు. కాసేపు అలాగే ఉండి, మెల్లగా ముందుకి వంగాడు.