హవాయి చెప్పు కప్ప

మా మనవడు దసరా సెలవులకి బెంగుళూరు నుంచి దిగాడు. భుజాన ఒక సంచి, చేతిలో ఒక ప్లాస్టిక్ పెట్టె. సంచి అరుగు మీద పడేశాడు గానీ పెట్టె మాత్రం కింద పెట్టలేదు. తెరిస్తే లోపల గదులు గదులు, గదికో చేపపిల్ల. ఎరుపు, ఆకుపచ్చ, నారింజ. కళ్లయితే అచ్చం మనల్నే చూస్తున్నట్టు. పెళ్లికూతురి నగలు కూడా అంత పొందిగ్గా సర్దరు.

"లూర్లు తాతా. అన్నీ నేనే మోడిఫై చేశాను" అన్నాడు.

మా రోజుల్లో దాన్ని దొంగ ఎర అనేవాళ్లం. సరే, పేరుదేముంది. ఏం చేశావురా అని అడిగాను. దానికున్న గేలాలు తీసేసి జపాను గేలాలు తగిలించాడట. ఒంటికి చెమ్కీ అద్ది, ఏదో జిగురు పూసి, నీలం లైటు కింద ఆరబెట్టాడట.

"నీళ్లలో వేసి చూశావా?"

"ఇంకా లేదు తాతా. ముందు ఫొటోలు తియ్యాలి కదా."

నేను మాట్లాడకుండా ఆ నారింజ రంగుదాన్ని తీసుకెళ్లి గేదెల గోలెంలో వదిలాను. పైన తేలే రకం అని అట్ట మీద రాసుందట. గులకరాయిలా అడుక్కి పోయింది. గేదె కూడా మూతి తీసి చూసింది.

ఇందులో మాయేమీ లేదు. తేలే చేపకి మోయగలిగిన బరువు ఇంత అని ఉంటుంది. పాత గేలాల కంటే లావుపాటి మూడు ముళ్లవి రెండు తగిలిస్తే ఆ లెక్క తప్పుతుంది. కొందరు కావాలనే కాస్త బరువు పెంచుతారు. అప్పుడది తేలకా మునక్కా నడినీళ్లలో ఆగుతుంది, మందకొడిగా ఉన్న చేపకి సరిగ్గా మూతి దగ్గర నిలబడుతుంది. అది తెలిసి చేస్తే పనితనం. వీడు గేలం రంగు బాగుందని మార్చాడు.

మా ఊరు వరాహ నదికి దగ్గర. ఊరి పక్కనే గెడ్డ, గెడ్డకి అవతల చెరువు, చెరువు నిండా కలువాకులు, ఆకుల కింద కొర్రమీను. తెలంగాణవాళ్లు దాన్ని తమ రాష్ట్ర చేపగా పెట్టుకున్నారంటే ఊరికే పెట్టుకోలేదు. నీళ్లలోని గాలి చాలక పైకొచ్చి గుటకేసి పోయే చేప అది. ఆ గుటక చప్పుడు విని, బుడగ లేచిన చోటు చూసి ఎర వెయ్యాలి. పెద్దవాళ్లు బతికున్న కప్పని వీపు దగ్గర గేలానికి గుచ్చి వేసేవాళ్లు. నేనూ ఒకసారి గుచ్చబోతే మా నాయనమ్మ చూసింది. "నోరులేని జీవి వీపు పొడిచిన చెయ్యి నా ఇంట్లో కంచం ముట్టుకోకూడదు" అంది. కొర్రమీను పులుసు మాత్రం ఆవిడకి ప్రాణం. ఆ ధర్మసూక్ష్మం నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

చెయ్యి కంచంలో పెట్టాలి, చేప పులుసులో పడాలి. అందుకని కప్పని తయారు చెయ్యాల్సొచ్చింది. మా అమ్మ హవాయి చెప్పుల జతలో ఎడమది తీశాను. మడమ దగ్గర మందం ఎక్కువ కాబట్టి అక్కడే బొటనవేలంత ముక్క కోశాను. ఆ చెప్పుకి ఒకవైపు తెలుపు, ఒకవైపు నీలం. తెలుపుని కిందికి పెట్టాను, కప్ప పొట్ట తెల్లగానే ఉంటుంది కదా. నీలం కప్ప లోకంలో ఎక్కడుందని మా అన్నయ్య నవ్వాడు. కింద నుంచి చూసే చేపకి పొట్టా, ఆకాశానికి అడ్డొచ్చిన నల్లటి నీడా తప్ప వీపు రంగుతో పనేముంది? కాల్చిన సూదితో బెజ్జం చేసి గేలం దూర్చాను. ముల్లు పైకి తిరిగి వీపుని అంటుకుని ఉండాలి, లేకపోతే ప్రతి కలువాకూ చేపే అవుతుంది. కాళ్లకి సైకిలు ట్యూబు రబ్బరు పీలికలు.

తొలిరోజు నీళ్లలో వేస్తే వెల్లకిలా పడి శవంలా తేలింది. సీసం ముక్క కడుపు కింద పెట్టాను, మూతి ముంచేసింది. వెనక్కి జరిపాను, కూర్చుంది. లాగితే మాత్రం కర్రలా తిన్నగా వచ్చేస్తోంది. కప్ప ఎక్కడైనా తిన్నగా పోతుందా? ఒక కాలు అరంగుళం కత్తిరించాను. అంతే, కుంటుతూ అటొకసారి ఇటొకసారి తిరగడం మొదలెట్టింది. మూడు సాయంత్రాల పని. ఇప్పుడు ఇంటర్‌నెట్టులో అమ్మే రబ్బరు కప్పలకి కూడా తెలిసినవాళ్లు ఇలాగే ఒక కాలు పొట్టి చేస్తారని మనవడే చెప్పాడు. మాకెవరూ చెప్పలేదు బాబూ, చెరువే చెప్పింది.

ఎర నీళ్లలో ఎక్కడ తప్పు చేస్తోందో చూసి ఆ తప్పు దిద్దడానికి కత్తి పట్టేవాళ్లం. తప్పేదో తెలియకుండా దిద్దుబాటు ఏమిటి?

సీసం సంగతి వచ్చింది కాబట్టి మా ఘనకార్యం కూడా చెప్పాలి. టైర్ల షాపులో అడుక్కొచ్చిన ముక్కల్ని అమ్మ గరిటెలో వేసి వంటింటి పొయ్యి మీదే కరిగించేవాళ్లం. ఆ పొగ విషమని ఎవరికీ తెలియదు. ఆ గరిటెతోనే పప్పు తిన్నాం. ఈ విషయంలో ఇప్పటి పిల్లలే నయం.

ఏటికొప్పాక మాకు పక్క ఊరే. అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసే ఊరు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా మేనమామ వరసయ్యే ఒకాయన తరిమెన మీద పని చేసేవాడు. ఆయన్ని బతిమాలి వేలెడంత చేప చెక్కించుకున్నాను. కర్ర గిర్రున తిరుగుతుంటే రంగు లక్కని దానికి ఆనిస్తాడు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టేస్తుంది. తర్వాత మొగలాకుతో పాలిష్. అద్దంలా మెరిసింది. కుంకుమ భరిణెలు చేసే చేత్తో చేపని చేయించావురా అని ఆయన తిట్టాడు గానీ డబ్బు తీసుకోలేదు.

దానికి పౌడర్ డబ్బా రేకుతో గడ్డం కింద నాలుక పెట్టాను. లాగినప్పుడు ఆ నాలుక నీటిని తోసి చేపని కిందికి దించుతుంది, ఒళ్లు ఊపిస్తుంది. నాలుక పొడవైతే లోతుకి, పొట్టయితే పైపైన. నాది మాత్రం ఎన్నిసార్లు వేసినా ఎడమకే పోయేది. రెండు రోజులు నాలుక అరగదీసి విసిగిపోయాను. దోషం నాలుకలో లేదు, తాడు కట్టే కన్నులో ఉంది. చేప ఎడమకి పోతుంటే ఆ కన్నుని వెంట్రుకవాసి కుడికి వంచాలి. కటింగ్ ప్లయర్‌తో ఒక్క నొక్కు నొక్కితే తిన్నగా నడిచింది. మనవడి పెట్టెలో రెండు చేపలకి ఇదే జబ్బు. వాడు వాటిని 'డిఫెక్ట్ పీసులు' అని పక్కన పడేశాడు. ఒక్కొక్కటి ఏడొందలట!

ఆ లక్కచేపని నదీముఖం దగ్గర పండుగప్ప మింగింది. పాలడబ్బాకి చుట్టిన తాడు చేతిని కోసేస్తూ పోయింది, ఉన్నట్టుండి వదులైంది. లాగి చూస్తే చేప లేదు, గేలం మాత్రం దబ్బనంలా నిటారుగా సాగి ఉంది. సంతలో కొన్న గేలం మరి. తాళంచెవి బొమ్మ పెట్టెలో వచ్చే నార్వే మస్టాడ్ గేలాలు ఉండేవి గానీ అవి కొనడానికి మా దగ్గర డబ్బులేవి? అందుకే ఒక్క మాట ఒప్పుకుంటాను: గేలాలు మాత్రం ఇప్పటివే గేలాలు. మిగతాదంతా చెమ్కీ.

ఇవన్నీ చెప్తుంటే మనవడు ఫోను తీసి నాకే పాఠం చెప్పాడు. ఫిన్లండులో లౌరి రపాలా అనే జాలరి 1936లో బెండు చెక్కి చేప చేశాడట, చాక్లెట్టు రేకు చుట్టాడట, పూత కొనే స్తోమత లేక ఫొటో నెగెటివ్‌లు కరిగించి పూశాడట. ఇప్పుడది లోకమంతా తెలిసిన కంపెనీ. అంతకుముందే అమెరికాలో జూలియో బ్యూయెల్ చెంచాని గేలం ఎరగా మార్చి 1852లో పేటెంటు తీసుకున్నాడట. పడవలో తింటుంటే చెంచా జారి నీళ్లలో పడిందనీ, చేప దాన్ని పట్టుకుందనీ కథ. మా ఇంట్లో చెంచా నీళ్లలో పడితే పేటెంటు రాదు, వీపు విమానం మోత మోగేది. అయినా ఆ రపాలా అంటే నాకు గౌరవం కలిగింది. చాక్లెట్టు రేకు దొరికింది అదృష్టవంతుడికి. మేం సిగరెట్టు పెట్టెలోని వెండికాగితంతో సరిపెట్టుకున్నాం.

మర్నాడు చెరువుకి వెళ్లాం. కలువాకుల సందులో నీళ్ల పైన ఎర్రగా ఒక గుంపు కదుల్తోంది, పిడికెడు కుంకుమ చల్లినట్టు. వీడు వెంటనే నారింజ చేపని ఎత్తాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. అవి కొర్రమీను పిల్లలు. తల్లీతండ్రీ కిందే కాపలా కాస్తుంటాయి. అప్పుడు ఏది విసిరినా కరుస్తాయి, ఆకలితో కాదు. వాటిని పట్టేస్తే ఆ గుంపంతా సాయంత్రానికల్లా ఎవరో ఒకరి నోట్లో పడుతుంది. మా రోజుల్లో ఆకలిగొన్నవాళ్లం కూడా పిల్లల గుంపు మీద గేలం వెయ్యలేదు. వీడు ఎర గురించి నెలంతా చదివాడు, చేప గురించి ఒక్క పూట చదవలేదు.

పాపం, వాడు మంచివాడే. సాయంత్రం అరుగు మీద కూర్చుని జపాను గేలాలు విప్పేసి పాతవి పెట్టాడు, గోలెంలో వేశాడు, తేలింది. వంకర నడిచేవాటి కళ్లు వాడే వంచాడు. ఒకదానికి ఎక్కువ వంచి కుడికి తిప్పేశాడు, మళ్లీ దిద్దాడు. ఫొటో ఊసెత్తలేదు. చీకటి పడ్డాక మెల్లిగా అడిగాడు, ఆ కప్ప ఎలా కొయ్యాలి తాతా అని.

మొన్ననే మా ఆవిడకి కొత్త హవాయి చెప్పులు కొన్నాం. ఆ రాత్రి నుంచి వాటిని దేవుడిగదిలో పెట్టి గొళ్లెం వేస్తోంది.