కొంగుముడి

నాన్నది శ్రీకాకుళం. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరై, తాల్‌బగీచాలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ప్రొస్టేట్ క్యాన్సర్ వెన్నెముకకి పాకాక నాలుగు గంటలకోసారి 10 మిల్లీగ్రాముల మార్ఫిన్ మాత్ర వేసేవాళ్లం. మొదట్లో ఆ మాత్రే మాకు దేవుడు. నిద్ర పట్టింది, అన్నం సహించింది.

తర్వాత నొప్పి మళ్లీ మొదలైంది. 10 మాత్ర పోయి 20 వచ్చింది, 20 పోయి 30 వచ్చింది. మందు పెరిగేకొద్దీ నొప్పీ పెరిగింది. నడుములోది ఒళ్లంతా కమ్ముకుంది. ఫ్యాన్ గాలికి దుప్పటి కదిలినా కేక పెట్టేవారు. రోజూ రాత్రి కాళ్లు పట్టే అమ్మ చెయ్యి తగిలితే, "ముట్టుకోకే! నిప్పెట్టినట్టుంది!" అని అరిచేవారు. అమ్మ మంచం దగ్గర్నుంచి గుమ్మం దగ్గరికి జరిగింది. పక్కింటి మాషీమా కూడా బయటి నుంచే పలకరించి వెళ్లేది.

డాక్టరమ్మ స్కాన్ చూశారు. "రోగం పెరగలేదు. కొందరిలో మార్ఫిన్ ఎక్కువైతే వెన్నుపాములో నొప్పి కబురు మోసే దారులే పదునెక్కుతాయి. అప్పుడు మెత్తని స్పర్శ కూడా మంటే. మార్ఫిన్ నొప్పిని పెంచుతుందేమోనని 1870లోనే క్లిఫర్డ్ ఆల్‌బట్ అనే ఇంగ్లీషు వైద్యుడు అనుమానించాడు. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి, అది మరీ ప్రమాదం. నేను మోతాదు తగ్గించి వేరే మందుకి మారుస్తాను," అన్నారు. ఆగి, "మాత్రలు లెక్క ప్రకారమే ఇస్తున్నారా?" అని అడిగారు.

"గడియారం చూసి అమ్మే ఇస్తుంది. 30 మిల్లీగ్రాముల మాత్రలు లెక్కపెట్టాను, ఒక్కటీ తేడా లేదు," అన్నాను గర్వంగా.

మందు మార్చిన అయిదో రోజు నాన్న తెల్లవార్లూ నిద్రపోయారు. లేవగానే గుమ్మం వైపు చూశారు.

"ఒలే, అక్కడే కూకున్నావేటి? రా, కాళ్లు పట్టు."

అమ్మ కదల్లేదు. నేను వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను. వణుకుతోంది. కొంగుముడి విప్పి నా అరచేతిలో పోసింది. మోతాదు పెంచినప్పుడల్లా ఇంట్లో మిగిలిపోయిన పాత 10, 20 మాత్రల రేకులు. అన్నీ ఖాళీ.

"నొప్పి తగ్గితే ముట్టుకోనిస్తారని... రోజూ రెండేసి ఎక్కువేసాను, బాబూ."