గేర్‌బాక్స్ పోయిందట!

ఈ రోజుల్లో కారు దారిలో ఆగిపోతే గేర్‌బాక్స్ పోయిందంటారు. బండి కుదిపితే గేర్‌బాక్స్ పోయిందంటారు. అది ఆటోమేటిక్ కారైతే ఇక చెప్పక్కర్లేదు, గేటు దాటి లోపలికి పోకముందే కొటేషన్ చేతిలో పెడతారు.

మా అబ్బాయి హైదరాబాదులో కొత్త కారు కొనుక్కుని, తను ఏళ్ల తరబడి వాడిన ఆటోమేటిక్‌ని "నాన్నగారూ, మీకు మోకాళ్ల నొప్పులు కదా, క్లచ్ తొక్కే పనుండదు" అని రాజమండ్రి పంపించాడు. నిజమే, మోకాళ్లకి సుఖంగానే ఉంది. అయితే దేవీచౌక్ దగ్గర బ్రేకు తొక్కి బండి నిలపగానే ఇంజను కూడా నిలిచిపోవడం మొదలయ్యాక మోకాళ్ల నొప్పి కాస్తా తలనొప్పిగా మారింది. వెనక ఆటోవాళ్ల హారన్లు, "ఏంటండీ పెద్దాయనా, ఇక్కడే ఉండిపోతారా" అని వెటకారం. మన గోదావరి జిల్లాల్లో వెటకారానికి కొదవా!

ఓ పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్లాను. పేరెందుకు లెండి. ఏసీ గది, కాఫీ మిషను, గోడకి టీవీ. టై కట్టుకున్న కుర్రాడు వచ్చి, చేతిలో ఉన్న ట్యాబ్‌లో 'స్టాలింగ్' అని ఒక్క ముక్క రాసుకుని తాళాలు పట్టుకుపోయాడు. ఎప్పుడు ఆగుతోంది, ఎలా ఆగుతోంది అని అడగలేదు. నేను చెప్పబోతే "రిపోర్టులో అంతా వచ్చేస్తుందంకుల్" అన్నాడు. అద్దాల వెనక కారు కనపడుతోంది. కారు పక్కన పానా పట్టుకున్నవాడు కనపడుతున్నాడు. వాడికీ నాకూ మధ్యన 'లోపలికి ప్రవేశం లేదు' అని బోర్డు. కాఫీ తాగి కూర్చున్నాక రిపోర్టు వచ్చింది. గేర్‌బాక్స్ మార్చాలట. లక్ష దాటుతుందట.

మా రోజుల్లో షెడ్డుకి వెళ్తే మేస్త్రి ముందు స్టూలు వేసేవాడు, ఆ తర్వాత టీకి కుర్రాణ్ణి పంపేవాడు, ఆ తర్వాత అడగడం మొదలెట్టేవాడు. "చల్లగా ఉన్నప్పుడు ఆగుతోందాండీ, వేడెక్కాకా? ఆగేముందు కుదుపులొస్తున్నాయా, ఉన్నపళంగా ఆగుతోందా? ఆగాక సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటోందా, కాసేపు చల్లారాలా?" ఇంతా అడిగేది కాలక్షేపానికి కాదు. కుదుపుతూ కుదుపుతూ, ఈడ్చుకుంటూ ఆగిందంటే పెట్రోలు అందడం లేదని అర్థం. చెప్పాపెట్టకుండా టక్కున ఆగిందంటే కరెంటు తెగిందని అర్థం. బానెట్ ఎత్తకముందే సగం తిరుగుడు తగ్గిపోయేది.

అప్పట్లో కార్లంటే లెక్కకొచ్చేవి రెండే, అంబాసిడర్, ఫియట్. 1983 చివర్లో మారుతి 800 వచ్చేదాకా అదే లోకం. అంబాసిడర్‌కి 1489 సీసీ పెట్రోలు ఇంజను, స్టీరింగ్ కింద గేరు రాడ్డు, ముందు సీటు బల్లలా ఒకటే. పెళ్లిళ్ల సీజన్లో ఆ సీటు మీద నలుగురు ఎక్కితే డ్రైవరు తలుపుకి అంటుకుపోయి, గేరు మార్చాలంటే పక్కవాడి మోకాలు జరగమని బతిమాలుకునేవాడు. 2014లో ఉత్తరపారాలో దాని తయారీ ఆపేశారని పేపర్లో చదివినప్పుడు, ఆ కారు ఇంజను చప్పుడు కంఠతా వచ్చినవాళ్లకి ఇక పనేముంటుందా అనిపించింది.

ఆ కార్లు ఆగిపోయేవి కావా అంటే, బ్రహ్మాండంగా ఆగిపోయేవి. మే నెలలో రాజమండ్రి ఎండకి పెట్రోలు పంపులో పెట్రోలు ఆవిరైపోయి, ఇంజనుకి అందక కారు రోడ్డు మీద కూర్చునేది. కాలువలో తువ్వాలు ముంచి పంపు మీద కప్పితే ఓ సిగరెట్టు కాలే లోపు బండి బయల్దేరేది. డెల్టాలో ఆ సదుపాయం ఉంది, ఏ రోడ్డుకైనా పక్కన కాలువ ఉంటుంది. వానాకాలం డిస్ట్రిబ్యూటర్ మూతలో చెమ్మ చేరేది. విప్పి, పొడిగుడ్డతో తుడిచి, ఎండలో పెట్టడం. పాయింట్లు నల్లబడితే గరుకు కాగితంతో రుద్ది, అంగుళంలో వెయ్యింట పదిహేను వంతుల సందు పెట్టాలి. దానికి గేజీ ఉండేది, కానీ మేస్త్రి కన్నే గేజీ. పెద్ద స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. ప్లగ్గు విప్పి మొన చూసేవాడు. గోధుమ రంగుంటే ఆరోగ్యం. మసిబారితే పెట్రోలు ఎక్కువ పడుతోంది. తెల్లగా పాలిపోతే తక్కువ పడుతోంది.

కండెన్సర్ సంగతి చెప్పాలి. బొటనవేలంత లేకపోయినా, వేడెక్కితే నీరసించిపోయి కారుని ఆపేసేది, చల్లారాక మళ్లీ ఏమీ ఎరగనట్టు నడిచేది. ఇప్పటి కార్లలో ఆ కండెన్సరూ లేదు, పాయింట్లూ లేవు. వాటి బదులు క్రాంక్ సెన్సర్ అని ఒకటుంది. అది చెడిపోయేటప్పుడు ఏం చేస్తుందంటారు? వేడెక్కాక కారుని ఆపేస్తుంది, చల్లారాక నడిపిస్తుంది. జబ్బు అదే, అవయవం మారింది. అడగాల్సిన ప్రశ్న కూడా అదే. అడిగేవాడు మాత్రం కాఫీ మిషను పక్కనుంచి కదలడు.

సరే, లక్ష రూపాయల రిపోర్టు జేబులో పెట్టుకుని మోరంపూడి వైపు మా పాత మేస్త్రి షెడ్డుకి పోయాను. ఇప్పుడు షెడ్డు కొడుకు చూసుకుంటున్నాడు, పెద్దాయన మడత మంచం మీంచి చూస్తుంటాడు. "రండి మేష్టారూ, ఆటోమేటిక్ కొన్నారని విన్నాం. ఏమంటోందండి?" అన్నాడు. చూశారా, ఏమంటోంది అని అడిగాడు.

చెప్పాను. బండి నిలిపినప్పుడే ఆగుతోంది. పొద్దున్న చల్లటి ఇంజనుతో తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ. డి లోకి వేయగానే కింద ఏదో దడేల్మంటోంది.

"ఆపేముందు న్యూట్రల్లోకి తీసి చూశారాండీ?" అని అడిగాడు. ఈ ప్రశ్నలోనే మొత్తం విద్య ఉంది. ఆటోమేటిక్‌లో ఇంజనుకీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజను తిప్పే రెక్కలు నూనెని విసురుతాయి, ఆ నూనె ఎదురు రెక్కల్ని తిప్పుతుంది. మధ్యలో ఉన్నది నూనే కాబట్టి బండి నిలిచినా ఇంజను తిరుగుతూనే ఉండగలదు, అందుకే క్లచ్ పెడలు అక్కర్లేదు. అయితే రోడ్డు మీద వేగం అందుకున్నాక నూనెలో శక్తి వృథా పోకుండా లాకప్ క్లచ్ ఒకటి రెండిటినీ బిగించేస్తుంది. వేగం తగ్గేటప్పుడు అది వదలాలి. వదలకపోతే, మామూలు కారులో క్లచ్ తొక్కకుండా బ్రేకు కొడితే ఏమవుతుందో అదే అవుతుంది, ఇంజను చస్తుంది. కాబట్టి ఆగబోయే ముందు న్యూట్రల్లో పడేస్తే బతికి, డి లో ఉంచితే చస్తోందంటే లాకప్ మీద అనుమానం. దాని సోలినాయిడ్ వైరు పీకి చూస్తే అనుమానం తీరిపోతుంది. న్యూట్రల్లో కూడా చస్తోందంటే గేర్‌బాక్స్ జోలికి పోనక్కర్లేదు, రోగం ఇంజనులో ఉంది.

నాది న్యూట్రల్లోనూ చస్తోంది. ఏసీ కంప్రెసర్ అందుకున్నప్పుడు మరీనూ. మధ్యాహ్నం ఎందుకు ఎక్కువో తెలిసిందిగా, ఏసీ వేసుకునేది అప్పుడే. పెద్దాయన మంచం మీంచి లేవలేదు. "థ్రాటిల్ విప్పరా" అన్నాడు కొడుకుతో. గొట్టం తీస్తే లోపల పలక అంచుల చుట్టూ నల్లగా మసి గడ్డకట్టి ఉంది. యాక్సిలరేటరు మీంచి కాలు తీశాక ఇంజనుకి గాలి పోయే సందు అదే, పక్కనున్న ఐడిల్ వాల్వు కూడా మసితో బిగుసుకుంది. స్ప్రే కొట్టి పాత పళ్ల బ్రష్షుతో తోమాడు కుర్రాడు. గుడ్డంతా కాటుక. ఇక దడేల్మనేదో? ఇంజను మౌంటింగ్ రబ్బరు చిట్లింది. గేరు పడగానే ఇంజను ఎగిరి పడుతోంది, ఆ చప్పుడే గేర్‌బాక్స్ ఖాతాలో రాశారు. బిల్లు చూస్తే ఆ పెద్ద వర్క్‌షాపులో ఒక్క బోల్టు బిగించడానికి కూడా సరిపోదేమో.

అయినా పెద్దాయన అంతటితో వదల్లేదు. ఖాళీ చోట కొడుకుని కూర్చోబెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, కాలి బ్రేకు గట్టిగా తొక్కించి, డి లో వేయించి యాక్సిలరేటరు పూర్తిగా నొక్కించాడు. ఐదు సెకన్లకి మించకూడదండోయ్, నూనె మరిగిపోతుంది. ముందూ వెనకా మనుషులుండకూడదు. ఆర్పీఎం ముల్లు ఉండాల్సినదాని కంటే పైకి పోతే లోపల క్లచ్‌లు జారుతున్నట్టు. బాగా కిందే ఉండిపోతే ఇంజనుకి సత్తువ లేనట్టు, లేదా కన్వర్టర్ పాడైనట్టు. నా కారు ముల్లు మధ్యలో బుద్ధిగా నిలబడింది.

తర్వాత గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ లాగి నూనె చుక్క తెల్ల కాగితం మీద వేశాడు. ఎర్రగా పారదర్శకంగా ఉంటే సరే. గోధుమ రంగు తిరిగి మాడిన వాసన కొడితే క్లచ్ పలకలు కాలుతున్నాయి. మెరుపులు కనిపిస్తే ఇనుము అరుగుతోంది. రోజ్‌మిల్క్ రంగులోకి మారిందంటే మాత్రం లోపలికి నీళ్లు పోయాయి. రాజమండ్రివాళ్లకి ఆ రంగు వేరే చెప్పక్కర్లేదు కదా. గోదావరి పొంగి లంక ఊళ్లలో కార్లు మునిగినప్పుడు గేర్‌బాక్స్ గాలిగొట్టం గుండా నీళ్లు దిగుతాయి. అలాంటి బండిని స్టార్ట్ చేశారో, అప్పుడు నిజంగానే గేర్‌బాక్స్ పోతుంది. డిప్‌స్టిక్ చూడటానికి కూడా పద్ధతుంది, చాలా కార్లకి ఇంజను వేడెక్కి నడుస్తుండగా చూడాలి, కొన్నిటికి ఆపిన వెంటనే చూడాలి. కొత్తవాటికి అసలు డిప్‌స్టిక్కే పెట్టడం లేదు. జీవితకాలం ఆయిల్ మార్చక్కర్లేదంటున్నారు. ఎవరి జీవితకాలం? కారుదా, వారంటీదా?

స్కానర్ మీద నాకు కోపం లేదు. మేస్త్రి కొడుకు దగ్గర కూడా ఉంది, ఫోనుకి తగిలించుకునేది. దాన్ని పెట్టి చూస్తే ఆ పెద్ద వర్క్‌షాపు లక్ష రూపాయల కథకి మూలం దొరికింది, పీ 0700. ఆ కోడుకి అర్థం గేర్‌బాక్స్ పోయిందని కాదు, గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏదో రాసుకుంది వెళ్లి చూడండి అని. ఏం రాసుకుందో చూడాలంటే ఇంకో మెట్టు దిగాలి. ఇతగాడు దిగాడు. ఎప్పుడో బ్యాటరీ నీరసించినప్పుడు వోల్టేజి పడిపోయిందని రాసుకుందట, అంతే. చెరిపేశాడు, మళ్లీ రాలేదు. మా రోజుల్లో ఇలాంటిది ఉండి ఉంటే సామానుకని బెజవాడ ఆటోనగర్‌కి అన్నిసార్లు బస్సెక్కే పని తప్పేది, ఒప్పుకుంటాను.

అన్నిటికంటే ఒళ్లు మండేది తోసే దగ్గర. మా రోజుల్లో కారు ఆగితే తోసేవాళ్లం. సఖినేటిపల్లి రేవులో పంటు దిగేటప్పుడు మొరాయించిన కారుని, దాంతోపాటు గోదారి దాటినవాళ్లంతా కలిసి ఒడ్డెక్కించేవారు. రెండో గేరులో పెట్టి క్లచ్ వదిలితే అందుకునేది. తోసేవాళ్లు కరువైతే ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పడమే. ఆటోమేటిక్‌ని మన ఊరంతా కలిసి తోసినా స్టార్టవదు. గేర్లని బిగించే నూనె ఒత్తిడి పుట్టించే పంపుని ఇంజనే తిప్పాలి. చక్రాలు తిరిగినంత మాత్రాన ఆ ఒత్తిడి రాదు. అలాగే కారుని నడిపించే చక్రాలు నేల మీద దొర్లుతుండగా లాక్కుపోతే గేర్లకి నూనె అందక లోపల మాడిపోతాయి.

మొన్న రోడ్డు కం రైలు వంతెన మీద ఎవరిదో ఆటోమేటిక్ ఆగిపోయింది. 1974లో కట్టిన వంతెన, ఒక బండి నిలిస్తే ఇటు రాజమండ్రి అటు కొవ్వూరు రెండూ నిలుస్తాయి. నలుగురు కుర్రాళ్లు చెమటలు కక్కుతూ తోస్తున్నారు. "ఒరేయ్ నాయనా, అది తోస్తే రాదు, న్యూట్రల్లో పెట్టి సెల్ఫ్ కొట్టించండి" అంటే ఒక్కడు వినలేదు. ఈలోగా క్రేను వచ్చింది. ముందు చక్రాలతో నడిచే కారుకి వెనక కొక్కెం తగిలిస్తున్నాడు. ముందు లేపవయ్యా అన్నాను. "మాకు తెలుసండి పెద్దాయనా" అన్నాడు. తెలిస్తే వెనకెందుకు తగిలిస్తున్నావంటే, ముందుకి తిరగడానికి చోటు లేదన్నాడు. అలాగైతే ముందు చక్రాల కింద ట్రాలీ పెట్టి లాగమన్నాను.

ట్రాలీ షెడ్డులో ఉందట.