స్టార్టరు పెట్టె పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:
నాల్గు ముక్కలేల నడుమ నతుకులేల
ఒక్క రేకు గోసి యొడిసి వంచు
మూల విడుపు నుంచి ముందుగా లెక్కించి
మడత చాలు మంట మరచిపొమ్ము

అవతారిక: బాలానగరు షెడ్డొకదానిలో పంపు స్టార్టరు పెట్టెను ముక్కలుగా వెల్డు చేయించుచున్న ఫోర్‌మనును చూచి, కొత్త డిజైనరు ఆశువుగా పలికినది.

నాల్గు ముక్కలు: నిజమునకు అయిదు. పక్కలు నాలుగు, వీపొకటి. యతి కొరకు కవి ఒకటి మింగెను.

అతుకులేల: వెల్డు వేడికి రేకు సాగి, చల్లారుచు ముడుచుకొని, వంకర తిరుగును. పిమ్మట సుత్తి, గ్రైండరు, అంటుకొన్న చుక్కల గోకుడు. పెయింటుకు ముందు పోవు కాలమంతయు ఇందే పోవును.

మూల విడుపు: రెండు మడతలు కలియుచోట చిన్న కోత. లేనిచో రేకు చిరుగును.

ముందుగా లెక్కించి: పద్యమునకు ప్రాణమిదే. వంగినచోట రేకు వెలుపల సాగును, లోపల నలుగును. సాగక నలుగక ఉండు పొర నడిమికి కొంచెము లోపలగా నుండును. 2 మిల్లీమీటర్ల ఉక్కు రేకును లోపలి వ్యాసార్ధము 2 వచ్చునట్లు 90 డిగ్రీలు వంచినచో, బయటి కొలతల మొత్తము నుండి మడతకు సుమారు మూడున్నర తగ్గించవలెను. 300 వెడల్పు, 120 లోతు గల పెట్టెకు అడ్డముగా 120, 300, 120 కూడి 540 కోసినవానికి ఎక్కడో 7 మిగిలి తలుపు కూర్చొనదు. 533 చాలును. రేకు మారినను డై మారినను లెక్క కదలును గాన, ముందొక తునకను వంచి కొలుచుట పెద్దల ఆచారము. వదలగానే రేకు కొంత వెనుకకు విచ్చుకొనును. ఒకటి రెండు డిగ్రీలు అధికముగా వంచవలెనని కవి చెప్పలేదు.

మంట: ఆర్కు. ఫోర్‌మను కడుపులోనిది కాదు.

మరచిపొమ్ము: అతిశయోక్తి. ఎనిమిది అతుకులలో వీపు అంచులవి నాలుగే మడతలైనవి. నిలువు మూలలు నాలుగును నోరు తెరచుకొనియే యున్నవి. పొలములో వానకు తడియు పెట్టెకు అచ్చట వెల్డు తప్పదు. షెడ్డులోని వెల్డరు ఈ పాదము విని లేవనైనా లేవలేదు.

తాత్పర్యము: సగము అతుకులు తగ్గును. రేటు మాత్రము పాతదే అడుగవలెను.

విశేషము: రెండు పక్కలు వంగి నిలిచిన పిదప మిగిలిన రెండింటిని వంచుటకు ఆ గోడల నడుమ పట్టునంత పొట్టి పంచి ముక్కలు పేర్చవలెను, 120 ఎత్తు గోడలు ప్రెస్ బ్రేకు పై దూలమునకు తగులరాదు. పంచి ఎత్తు చాలనిచో ఏమి చేయవలెనన్నచోట కవి మౌనము వహించెను. ప్రెస్ బ్రేకు ఆపరేటరు వహించలేదు.