మా రోజుల్లో తగువుకి సిలబస్ లేదు

తగువు తీర్చడానికి కూడా ఇప్పుడు పేపరుంది. ఆ పేపరుకి మార్కులున్నాయి, మార్కులకి గ్రేడుంది. మా చెల్లెలి మనవరాలు విశాఖలో అయిదేళ్ల లా చదువుతోంది. ఇంటర్ అవగానే లాసెట్ రాసి పాడేరు ఘాట్ దిగి వెళ్లిపోయింది. మా రోజుల్లో అయితే ముందు డిగ్రీ, ఆ పైన మూడేళ్ల లా. హుకుంపేట చుట్టుపక్కల పల్లెల్లో డిగ్రీ చేసినవాడే అరుదు, ఇక లా మాట ఎత్తేదెవరు? ఇంటర్ తర్వాత నేరుగా లా అన్నది బార్ కౌన్సిల్ 1980ల్లో తెచ్చింది. 1988లో బెంగుళూరు నేషనల్ లా స్కూల్ అలాగే మొదలైంది. ఇరవై ఏళ్లకి ఆ గాలి మన సబ్బవరం దాకా వచ్చి, దామోదరం సంజీవయ్య పేరున జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమే వెలిసింది. సంతోషమే. కొండ మీది పిల్ల నల్లకోటు వేసుకుంటానంటే వద్దనేవాణ్ణి కాదు నేను. కానీ పండక్కి వచ్చినప్పుడల్లా దాని పుస్తకాలు తిరగేస్తాను. నా గొణుగుడంతా అక్కడే మొదలవుతుంది.

పోయిన పండక్కి వచ్చి నాకు ఏడీఆర్ పాఠం చెప్పింది.

"కోర్టుకి వెళ్లకుండా తగువు తీర్చుకునే పద్ధతులు తాతా. ఆర్బిట్రేషన్, కన్సిలియేషన్, మీడియేషన్, లోక్ అదాలత్. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ఇది తప్పనిసరి పేపరు."

"కోర్టుకి వెళ్లకుండా అంటే ఎక్కడికి వెళ్తారే?"

"మాకు పోటీ ఏసీ హాల్లో పెట్టారు. రెండు కంపెనీల మధ్య కాంట్రాక్టు గొడవ. నేను మీడియేటర్ని. నాకు రెండో బహుమతి."

రెండు కంపెనీలూ ఎక్కడివి అనడిగితే, రెండూ ఉత్తుత్తివే అంది. గొడవా ఉత్తుత్తిదే. రాజీ మాత్రం అచ్చంగా అయిపోయిందట, గంట కొట్టేలోపు.

మా నాన్న కులపెద్ద. మా ఊళ్లో గట్టు తగువు వస్తే ముందు ఊరి సేవకుడు బారికి వెళ్లి అందరికీ కబురు చెప్పేవాడు. చింతచెట్టు కింద కూర్చునేవారు. ఎవడికి కోపం ఎక్కువుందో వాణ్ణి ముందు మాట్లాడనిచ్చేవారు. వాడు తిట్టాల్సినవన్నీ తిట్టి, గొంతు బొంగురుపోయి, చివరికి తనంతట తనే కూర్చునేవాడు. అప్పటిదాకా పెద్దలు నోరు మెదిపేవారు కారు. ఆ తర్వాత అందరూ లేచి భూమి దగ్గరికి నడిచేవారు. ఇది గరువా, పల్లమా, ఎవడి తాత ఏ చెట్టు నాటాడు, నీళ్లు ఎటు నుంచి దిగుతాయి, అన్నీ అక్కడే నిలబడి చూసేవారు. ముసలమ్మల్ని కూడా అడిగేవారు, ఎందుకంటే దున్నేది మగాడైనా కలుపు తీసేది వాళ్లే, గట్టు ఎక్కడుందో వాళ్లకే బాగా తెలుసు. తేలాక ఇద్దరి చేతా రాయి పాతించి, ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి తినిపించేవారు. ఆ తిండి ఎగ్గొట్టినవాడు తీర్పు ఒప్పుకోలేదని లెక్క. మళ్లీ మొదటి నుంచి. రెండు రోజులు పట్టినా, పొలాల పనులు ఆగినా సరే, తొందరపడేవారు కారు.

ఆలుమగల గొడవల్లోనూ అంతే. పెళ్లాం ఇంకొకరితో వెళ్లిపోతే, వెళ్లినచోటి నుంచి మొదటి మొగుడికి 'మొగనాలి తప్పు' కట్టించేవారు. ఎంత కట్టాలన్నది ఓలి ఎంత ఇచ్చారు, పిల్లలెందరు అన్నదాన్ని బట్టి. కట్టాక ఎవరి దారి వారిది, తర్వాత సంతలో ఎదురుపడినా మొహం తిప్పుకునే పని లేదు. ఇదే సంగతి మైదానంలో అయితే ఫ్యామిలీ కోర్టులో ఏళ్లూపూళ్లూ పడుతుంది. ఆ మాటంటే మనవరాలే ఒప్పుకుంది.

అయితే ఆ రోజులన్నీ బంగారమేమీ కాదు. ముసలమ్మల్ని అడిగేవారన్నాను కదా, అడిగేవారు గానీ కూర్చోబెట్టేవారు కారు. ఆడవాళ్లు చెట్టు నీడ అవతల నిలబడాల్సిందే. తప్పు సొమ్ములో సగం సారాకే పోయేది. తాగాక చెప్పిన తీర్పు తెల్లారాక మారిపోవడమూ చూశాను. చిల్లంగి పెట్టిందని ఒక అమాయకురాల్ని ఊరంతా కలిసి వెలేస్తే, అడ్డం నిలబడాల్సిన పెద్దలే ముందు తలూపారు. అలాంటి తీర్పుకి చెట్టు కింద అప్పీలు లేదు.

ఇంకో లోటు ఇంతకన్నా పెద్దది. చెట్టు కింద మాట మాలో మాకే చెల్లేది. కింది నుంచి వచ్చిన షావుకారు ఆ చెట్టు దరిదాపులకి రాడు. ఉప్పు అప్పిచ్చి, బట్ట అప్పిచ్చి, చింతపండు పంటకి లెక్క కట్టి, చివరికి భూమి రాయించుకుని పోతాడు. వాడి మీద మా పెద్దల తప్పు ఏం పనిచేస్తుంది? అందుకే పుస్తకం కావాల్సి వచ్చింది. తెల్లవాళ్లు 1839లోనే ఈ కొండల్ని మామూలు కోర్టుల నుంచి తప్పించి ఏజెంటు చేతిలో పెట్టారు. ఆ ఏజెంటు కలెక్టరే. 1917లో ఏజెన్సీ భూముల బదిలీ మీద ఒక చట్టం చేశారు. మనవాళ్లు 1959లో రెగ్యులేషన్ చేశారు, 1970లో దానికి కోరలు పెట్టారు. అదే మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటాం. ఏజెన్సీలో గిరిజనుడు కానివాడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందు అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది వాడే. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మడానికీ లేదు. మా తరం ఆ రెండంకెల్ని రామనామంలా నేర్చుకుంది, సెక్షన్లు తెలియకపోయినా.

ఇక నా అసలు గొణుగుడు. మనవరాలికి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 89 కంఠతా వచ్చు. కేసుని రాజీకి పంపమని జడ్జికి చెప్పే సెక్షను అది, 2002 నుంచి అమల్లో ఉంది. "మరి సెక్షన్ 1 చెప్పవే" అన్నాను. "అది పేరూ, అమలు తేదీ తాతా, పరీక్షలో రాదు" అంది. పుస్తకం తీయించి నాలుగో సబ్‌సెక్షన్ చదివించాను. తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, విశాఖపట్నం ఏజెన్సీల్లో అక్కడ అమల్లో ఉన్న రూల్సుకి భంగం లేకుండానే ఈ కోడ్ వర్తిస్తుందని దాన్లో రాసుంది. మేం 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయిపోయినా ఆ పుస్తకంలో ఇంకా విశాఖ ఏజెన్సీయే. దేశం మొత్తానికి చేసిన కోడ్ మొదటి పేజీలో తన ఊరుంటే, నాలుగేళ్లు చదివిన పిల్ల చూడలేదు! దాని తప్పేం లేదు, చూడమని చెప్పినవాళ్లు లేరు.

అక్కడితో అయిపోలేదు. ఏడీఆర్ పేపరుకి తల్లి లాంటి చట్టం ఆర్బిట్రేషన్ అండ్ కన్సిలియేషన్ చట్టం. అది 1996 ఆగస్టులో వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఇంకో చట్టం వచ్చింది, పెసా. షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకి అధికారాలిచ్చిన చట్టం. దాని 4(డి) ఏమంటుందో తెలుసా? తమ ఆచారాలతోపాటు తగువులు తీర్చుకునే సంప్రదాయ పద్ధతిని కాపాడుకునే సామర్థ్యం ప్రతి గ్రామసభకీ ఉందంటుంది. అంటే పార్లమెంటు ఒకే ఏడాది రెండు రకాల రాజీలకి రెండు చట్టాలు చేసింది. కంపెనీల రాజీ మనవరాలికి పూర్తి పేపరు, పరీక్ష, పోటీ, బహుమతి. మా చెట్టు కింది రాజీకి దాని పుస్తకంలో వెతికితే ఒక పేరా దొరికింది, అదీ వేరే పేపర్లో, పంచాయతీల కింద. రాష్ట్రంలో పెసా రూల్స్ రావడానికే 2011 దాకా పట్టింది, సిలబస్‌ని ఒక్కదాన్నే ఏమంటాం?

2023లో మీడియేషన్ చట్టం చేశారు. అందులో కమ్యూనిటీ మీడియేషన్ అని ఒక అధ్యాయం ఉందని మనవరాలు గొప్పగా చెప్పింది. ఒక ప్రాంతంలో శాంతికి భంగం కలిగే తగువైతే ముగ్గురు మీడియేటర్లు కూర్చుంటారు, వాళ్లు ఆ చోట గౌరవం ఉన్నవాళ్లై ఉండాలి, ప్యానెల్లో ఆడవాళ్లకి చోటివ్వడం చూడాలి, వాళ్లు కుదిర్చిన రాజీ కోర్టు డిక్రీలా అమలు కాదు. వింటుంటే మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన తీర్పుకీ డిక్రీ లేదు, తిండే ఉంది. ఆడవాళ్లకి చోటన్నది మాత్రం కొత్త. అది మేం చేయాల్సి ఉండి చేయని పని, చట్టం చేయించడం మంచిదైంది.

అలాగని పుస్తకాన్ని చిన్నబుచ్చను. అనంతగిరి మండలంలో మైనింగు లీజుల మీద సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997 జూలైలో వచ్చిన తీర్పు, ఆ భూబదిలీ రెగ్యులేషన్‌లో 'వ్యక్తి' అంటే ప్రభుత్వం కూడా వస్తుందని, ఏజెన్సీలో సర్కారు భూమైనా ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వకూడదని చెప్పింది. మా పెద్దలందరూ కలిసి ఏ చెట్టు కింద కూర్చున్నా ఆ పని అయ్యేది కాదు. దానికి నల్లకోటే కావాలి. సొంతవాళ్ల తగువుకి చెట్టు, బయటివాడి తగువుకి పుస్తకం. రెండూ తెలిసిన పిల్ల కావాలి మాకు. ఇప్పుడు కాలేజీలు తయారుచేస్తున్న పిల్లకి సింగపూర్‌లో ఆర్బిట్రేషన్ ఎలా జరుగుతుందో తెలుసు. పాడేరులో భూబదిలీ కేసు స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ ముందు మొదలై, అప్పీలు ఏజెంటు దగ్గరికి వెళ్తుందని తెలీదు. సెలవుల్లో ఇంటర్న్‌షిప్ అంటే హైదరాబాద్‌లో ఏదో పెద్ద ఆఫీసులో జిరాక్సులు తీసి వస్తోంది. హుకుంపేట సంతలో ఒక మూల బల్ల వేసుకు కూర్చుంటే ఒక్కరోజులో నేర్చుకునేదెంతో!

అందుకని లా కాలేజీల బోర్డుల్లో కూర్చున్న అయ్యలకీ అమ్మలకీ నా అర్జీ. ఏడీఆర్ పేపర్లో పెసా 4(డి)కి ఒక యూనిట్ పెట్టండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ పాఠం మొదటి సెక్షన్ నుంచే మొదలెట్టండి. ప్రతి లా కాలేజీకీ లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉండాలని బార్ కౌన్సిల్ నిబంధనే ఉంది కదా, ఆ క్లినిక్‌ని నెలకొకసారి ఘాట్ ఎక్కించండి. పిల్లల్ని గ్రామసభలో కూర్చోబెట్టండి, కోపంగా ఉన్నవాడు మాట్లాడుతుంటే మధ్యలో నోరెత్తకుండా వినడం నేర్పించండి. అన్నం, పడక మేం చూసుకుంటాం.

వచ్చిన పిల్లలు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. గిరిజనుడైతే చాలు, ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం పన్నెండో సెక్షన్‌లోనే ఉంది ఆ మాట. మా ఊళ్లో ఇప్పటికీ సగం మందికి తెలీదు.