లేబుల్ బావగారు

ఏ చుట్టాల వాట్సాప్ గ్రూపు చూసినా ఇప్పుడొక లేబుల్ బావగారు తగులుతున్నారు. ఉద్యోగం సాఫ్ట్‌వేరో, బ్యాంకో; ప్రవృత్తి మాత్రం ఎదుటివాళ్ల ‘అటాచ్‌మెంట్ స్టైల్’ తేల్చడం. ఫోనెత్తని మామగారు ‘అవాయిడెంట్’. ‘తిన్నారా?’ అని పూటపూటా అడిగే అత్తగారు ‘యాంగ్షియస్’. మరి తాను? ‘సెక్యూర్’. ఆ పరీక్ష ఆయనే రాశారు, ఆయనే దిద్దుకున్నారు.

ఈ అటాచ్‌మెంట్ సిద్ధాంతం మాత్రం పుక్కిటి పురాణం కాదు. బిడ్డ తల్లిని అంటిపెట్టుకునేది పాల కోసమే కాదు, భద్రత కోసమూ అన్నాడు బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ. ఆయనతో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ 1950లలో ఉగాండా పల్లెల్లో తల్లీబిడ్డల్ని గమనించి, తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక పరీక్ష పెట్టింది. ఏడాది పిల్లల్ని బొమ్మలున్న గదిలో ఉంచి, తల్లిని కాసేపు బయటికి పంపి, మళ్లీ రప్పించేవారు. వెళ్లినప్పటి ఏడుపు కంటే, వచ్చినప్పుడు బిడ్డ ఏం చేస్తుందన్నదే ఆవిడకు ముఖ్యం. చంకెక్కి, ఊరడిల్లి, మళ్లీ బొమ్మల మీదికి పోతే ధీమా ఉన్నట్టు, అంటే ‘సెక్యూర్’. చంకెక్కి కూడా కాళ్లు తన్నుకుంటే ‘యాంగ్షియస్’ రకం, చూడనట్టు ముఖం తిప్పుకుంటే ‘అవాయిడెంట్’ రకం. తర్వాత సిండీ హేజన్, ఫిలిప్ షేవర్ అనే మనస్తత్వవేత్తలు ఈ మూడింటినీ పెద్దల ప్రేమలకు అన్వయించి, డెన్వర్ దినపత్రిక ఒకదానిలో క్విజ్ వేయించారు. 1987లో ఫలితాలు ప్రకటిస్తే, సగానికి పైగా జనం ధీమా రకంలోనే తేలారు.

ఈ చివరి ముక్క బావగారికి రుచించదు. అందరూ బాగుంటే ఈయనకు పనేముంది? స్టైల్ జీవితాంతం ఒకేలా ఉండాలని లేదు, నమ్మకమైన తోడు దొరికితే మారొచ్చన్న మాట అసలే గిట్టదు. లేబుల్ ఊడిపోదూ!

మొన్న భార్య పుట్టింటి నుంచి వచ్చింది. చెమటలు కక్కుతూ గుమ్మంలోకి అడుగుపెడుతూనే, ‘‘స్టేషన్ నుంచి మూడుసార్లు చేశాను, ఎత్తలేదేం?’’ అంది.

‘‘చూశావా, పలకకపోతే చేసే ఈ గోలనే ప్రొటెస్ట్ బిహేవియర్ అంటారు,’’ అన్నారు సోఫాలోంచి లేవకుండానే.

‘‘మెసేజ్‌కి బ్లూ టిక్కులు పడ్డాయిగా!’’

‘‘నీకు కాస్త స్పేస్ ఇద్దామని...’’

‘‘మీటింగులో ఉన్నా, తొమ్మిదికి చేస్తా అని ఒక్క ముక్క పెడితే సరిపోయేది కదండీ. సరే, లిఫ్టు పనిచెయ్యట్లేదు. ఆవకాయ జాడీ వాచ్‌మన్ దగ్గరుంది, వెళ్లి తెండి.’’

ఆయన దిగారు. ఆవిడ స్నానానికి వెళ్లింది. బల్ల మీద ఆవిడ ఫోన్ మోగింది, మళ్లీ మోగింది. తర్వాత మెసేజ్: ‘ఎత్తవేం?’ మూడో అంతస్తు మెట్ల మీది నుంచి ఇంకోటి: ‘కోపమొచ్చిందా?’